బైబిల్ కాలేజీలో మానవ హక్కుల పేపరు ఉండాలా, వద్దా?

కందుకూరు అక్క:
మా తమ్ముడు దగ్గరలోనే ఒక చిన్న వేదాంత కాలేజీలో బీడీ (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ, అంటే పాస్టరు చదువు) చదువుతున్నాడు. క్లాసుకు పదకొండు మంది. ఈ ఏడాది మానవ హక్కులు కూడా ఒక పేపరుగా పెట్టారు. మా సంఘ పెద్దలకు అది నచ్చలేదు. "రేపు అయ్యగారు కావాల్సినవాడికి స్టేషన్ల గోల ఎందుకు? ఆ పేపరు తీసేదాకా ఫీజు సాయం ఆపేస్తాం" అంటున్నారు. నాకైతే ఆ పేపరు ఉండాల్సిందే అనిపిస్తోంది. మీరేమంటారు?

కావలి బ్రదర్:
అక్కా, పెద్దల మాట కొట్టిపారేయొద్దు. ఆదివారం గుడికి వచ్చేవాళ్లలో ఒకరికి అప్పుల బాధ, ఒకరికి తాగొచ్చి కొట్టే మొగుడు. వాళ్లకు ముందు కావాల్సింది ప్రార్థన, ఓదార్పు. పాస్టరు అర్జీలు రాయడం మొదలుపెట్టాడంటే ఊళ్లో ఒక వర్గం మనిషిగా ముద్ర పడుతుంది. రెండో వర్గం వాళ్లు తమ ఇంట్లో చావు జరిగినా పిలవరు. అసలే పిల్లలకు గ్రీకు, హీబ్రూ అంతంతమాత్రం. ఉన్న టైము వాక్యానికే పెట్టాలి.

ఒంగోలు మాస్టారు:
బ్రదర్, మన దగ్గర ఈ రెండూ విడిగా ఎప్పుడున్నాయి? 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి పని చూపించాడు. తిండి కోసం మతంలో కలిశారన్న మాట రాకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆకలితో ఉన్నవాడి నమ్మకాన్ని కూలితో కొనకూడదని ఆయన పట్టుబట్టాడే, మనస్సాక్షి స్వేచ్ఛ అంటే అదే కదా!

1985 జూలై 17న కారంచేడులో దళితులను చంపినప్పుడు అది మన జిల్లానే. బతికినవాళ్లు చీరాలకు పరుగెత్తారు. 1989లో అట్రాసిటీ చట్టం వచ్చింది. ఆ చట్టంలో ఏముందో తెలియని పాస్టరు పేటలో ఏం ఓదార్చగలడు?

పౌలు కూడా తనను కొరడాలతో కొట్టబోతే రోమా పౌరుణ్నని అడ్డం తిరిగాడు. తర్వాత కైసరుకు అప్పీలు చేసుకున్నాడు. ఇదీ వాక్యమే.

చీమకుర్తి నుంచి:
ముందు ఆ డిగ్రీ సెరంపూర్ సెనేట్ (వేదాంత డిగ్రీలిచ్చే సంస్థ) కింద ఉందో లేదో కనుక్కోండక్కా. తర్వాత ఇబ్బంది పడకూడదు.

కందుకూరు అక్క:
ఉంది తమ్ముడూ, చేరేటప్పుడే చూసుకున్నాం.

బ్రదర్, నేనింత గట్టిగా ఎందుకు అంటున్నానో చెప్తాను. పోయిన వానాకాలంలో మా అత్తమ్మ చనిపోయింది. సమాధుల దొడ్డికి వెళ్లే దారికి పక్క పొలం వాళ్లు ముళ్ల కంచె వేసేశారు. పెట్టె భుజాన పెట్టుకుని నలుగురూ గట్టు మీద తడుస్తూ నిలబడ్డారు. మా అయ్యగారు మంచి మనిషి, కన్నీళ్లతో ప్రార్థన చేశారు. కానీ ఎవరిని అడగాలో ఆయనకూ తెలియదు, మాకూ తెలియదు. చివరికి వరసకు మనవడయ్యే పిల్లాడు తహసీల్దార్ ఆఫీసుకు ఫోన్ చేస్తే సర్వేయర్ వచ్చాడు. ఎఫ్‌ఎంబీ (పొలాల కొలతల పటం) కాగితం విప్పి దారి గీత మీద వేలు పెట్టి చూపించాడు. పది నిమిషాల్లో కంచె తీసేశారు. అంతసేపూ ఆమె వానలోనే ఉంది.

ఇంకో సంగతి. తమ్ముడి సర్టిఫికెట్‌లో బీసీ-సి (క్రైస్తవంలో కలిసిన ఎస్సీలకు ఇచ్చేది) అని ఉంది. పక్కన కూర్చునే అబ్బాయిది ఎస్సీ. ఇద్దరిదీ ఒకే పేట, ఒకే గుడి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే ఇచ్చింది, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు కలిపారు, క్రైస్తవులకు లేదు. మా ఇంట్లో ఎవరూ పైకి అనని ఈ మాట మొదటిసారి ఆ క్లాసులోనే నోరు తెరిచి మాట్లాడుకున్నారట. తమ్ముడు ఆ రాత్రి ఫోన్లో చాలాసేపు అదే చెప్పాడు.

కావలి బ్రదర్:
పేపరు సంగతిలో నా మాట అదేనక్కా. హీబ్రూ గంటలు తగ్గించకుండా సాయంత్రం పూట చెప్పమనండి. కానీ ఫీజు ఆపడం మాత్రం తప్పు. మీ పెద్దలు ఒప్పుకుంటే ఆదివారం ఆరాధన అయ్యాక నేనొచ్చి మాట్లాడతాను.