కరోలినా జెర్సీలో అందరికంటే గొప్ప ఆటగాడు ఎవరు? కాలేజీ ఆట ఒక్కటే లెక్క

మోరిస్‌విల్ శ్రీను:

మొన్న శనివారం మా ఇంట్లో ఏడుగురం కూర్చుని మన పక్కూరి బద్ధ శత్రువు డ్యూక్ యూనివర్సిటీతో ఆట చూస్తుంటే మొదలైంది ఈ గొడవ. ఆట అయిపోయింది, బిర్యానీ అయిపోయింది, గొడవ మాత్రం పార్కింగ్‌లో కారు తలుపులు పట్టుకుని పన్నెండింటిదాకా నడిచింది. అందుకే ఇక్కడ పెడుతున్నాను. యూనివర్సిటీ ఆఫ్ నార్త్ కరోలినా, అంటే మన చాపెల్ హిల్ బాస్కెట్‌బాల్ చరిత్రలో అందరికంటే గొప్ప ఆటగాడు ఎవరు?

షరతు ఒక్కటే. ఆ లేత నీలం జెర్సీ వేసుకుని ఆడిన ఏళ్లే లెక్క. తర్వాత ఎన్‌బీఏలో, అంటే ప్రొఫెషనల్ లీగ్‌లో ఏం చేశాడు, ఎన్ని కోట్లు సంపాదించాడు, ఆయన పేరు మీద ఎన్ని బూట్లు అమ్ముడయ్యాయి, ఇవేవీ వద్దు. ఈ షరతు లేకపోతే మైకేల్ జోర్డాన్ అని ఒక్క మాటలో తేలిపోతుంది, ఇక మాట్లాడుకోవడానికి ఏమీ మిగలదు. మన క్రికెట్ లెక్కలో చెప్పాలంటే, హైదరాబాద్ రంజీ జట్టు గురించి మాట్లాడేటప్పుడు ఈడెన్ గార్డెన్స్ 281 తీయకూడదు, 1999-2000 రంజీ సీజన్‌లో లక్ష్మణ్ కొట్టిన 1415 పరుగులు తీయాలి. అలాగన్నమాట.

నా ఓటు టైలర్ హాన్స్‌బ్రోకి. 2005 నుంచి 2009 దాకా నాలుగేళ్లూ పూర్తిగా ఆడాడు. 2872 పాయింట్లు. కరోలినాలోనే కాదు, ఏసీసీ (కరోలినా, డ్యూక్ లాంటి కాలేజీలు కలిసి ఆడే లీగ్) మొత్తంలోనే అది రికార్డు. 2008లో దేశంలో ఉత్తమ ఆటగాడికిచ్చే పెద్ద అవార్డులన్నీ ఆయనకే వచ్చాయి. ఆ ఏడాది జాతీయ టోర్నీ సెమీఫైనల్లో కాన్సస్ చేతిలో 84-66తో చిత్తుగా ఓడిపోయాం, ఇక ఎన్‌బీఏకి వెళ్లిపోతాడని అందరూ అనుకుంటే ఇంకో ఏడాది ఉండి, 2009లో మిషిగన్ స్టేట్‌ని 89-72తో ఓడించి టైటిల్ తెచ్చాడు. డ్యూక్ వాళ్ల సొంత కోర్టు కామెరాన్‌లో నాలుగేళ్లలో నాలుగుసార్లు ఆడితే నాలుగూ గెలుపే. 2007లో ఇక్కడ డ్యూక్ మీద గెలిచే ఆటలో, ఇంకో పదిహేను సెకన్లు కూడా లేవు, మోచేయి తగిలి ముక్కు విరిగింది. లేచేసరికి మూతి, గడ్డం, జెర్సీ అంతా రక్తం. ఆ తర్వాతి ఆటలకి ముఖానికి మాస్క్ కట్టుకుని వచ్చాడు. నాకు ఆ ఫొటో చాలు.

వేరే పేరు ఉంటే చెప్పండి, కారణంతో సహా.

బాస్కెట్‌బాల్ భరత్:

శ్రీను అన్నా, నీ షరతుకి ఒప్పుకుని కూడా నా ఓటు జోర్డాన్‌కే. ఎన్‌బీఏ అనే మాట ఎత్తను, చూడు.

1982 మార్చి 29, జాతీయ ఫైనల్, న్యూ ఓర్లీన్స్ సూపర్‌డోమ్, అరవై వేలు దాటిన జనం. జార్జ్‌టౌన్ ఒక్క పాయింటుతో ముందుంది. మన కోచ్ డీన్ స్మిత్ అప్పటికి ఆరుసార్లు ఫైనల్ ఫోర్, అంటే ఆఖరి నాలుగు జట్ల దాకా వెళ్లి ఆరుసార్లూ ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. అలాంటి సమయంలో ఎడమవైపు 19 ఏళ్ల ఫ్రెష్‌మన్ (కాలేజీలో మొదటి ఏడాది కుర్రాడు) జోర్డాన్ చేతికి బంతి వచ్చింది, కొంచెం కూడా తడబడకుండా లేచి వేశాడు, పడింది. 63-62. ఆ ఒక్క షాట్‌తో డీన్ స్మిత్‌కి మొదటి టైటిల్. ఆ రాత్రి జోర్డాన్‌వి 16 పాయింట్లు, 9 రీబౌండ్లు (పడని షాట్ల బంతిని అందుకోవడం). 1984లో దేశంలోనే ఉత్తమ ఆటగాడు.

ఇంకోటి, జోర్డాన్‌ని 20 పాయింట్ల లోపు ఆపిన ఒకే ఒక్కడు డీన్ స్మిత్ అని ఒక మాట తిరుగుతుంటుంది కదా, అది తప్పు. 1982-83లో ఆయన సగటు సరిగ్గా 20. అదీ నలుగురికీ బంతి పంచి ఆడే పద్ధతిలో. హాన్స్‌బ్రో చుట్టూ జట్టు కట్టారు అన్నా, జోర్డాన్ ఉన్న జట్టులో పెర్కిన్స్, 1982లో అయితే వర్తీ లాంటి పెద్ద ఆటగాళ్లు కూడా ఉన్నారు.

పాత రాలీ మాస్టారు:

భరత్ బాబూ, ఆ 1982 ఫైనల్లో ఉత్తమ ఆటగాడు అవార్డు ఎవరికి ఇచ్చారో కూడా రాస్తే బాగుండేది. జేమ్స్ వర్తీకి. 28 పాయింట్లు, 17 షాట్లు వేస్తే 13 పడ్డాయి. జోర్డాన్ షాట్ తర్వాత జార్జ్‌టౌన్ కుర్రాడు కంగారులో బంతిని నేరుగా వర్తీ చేతిలోకే ఇచ్చేశాడు. జోర్డాన్ వేసిన షాట్ గొప్పది కాదని నేననను. కానీ ఆ తర్వాత రెండేళ్లు జట్టుకి ఆయనే పెద్ద దిక్కు, 1983లో జార్జియా చేతిలో, 1984లో ఇండియానా చేతిలో ఓడి, మళ్లీ ఫైనల్ ఫోర్ మొహం చూడలేదు. శ్రీను పెట్టిన షరతు ప్రకారం అది కూడా లెక్కలోకే వస్తుంది.

నేను 1976లో చదువుకోవడానికి రాలీ వచ్చాను. మా హాస్టల్ హాల్లో ఒకే టీవీ, అమెరికా కుర్రాళ్లతో పాటు నేలమీద కూర్చుని చూసేవాణ్ని, మొదట్లో రూల్స్ కూడా తెలియవు. నాకు ఈ ఆట నేర్పింది ఫిల్ ఫోర్డ్. మీరంతా షాట్ క్లాక్ (ఇన్ని సెకన్లలోపు షాట్ వేయాలనే గడియారం) వచ్చాక పుట్టినవాళ్లు, కాబట్టి కాస్త వివరంగా చెప్పనివ్వండి. కాలేజీ ఆటలో షాట్ క్లాక్ 1985-86లో వచ్చింది. అంతకుముందు బంతి దగ్గరుంటే ఎంతసేపైనా ఆడించుకోవచ్చు. కరోలినా నాలుగైదు పాయింట్లు ముందుంటే చాలు, డీన్ స్మిత్ నాలుగు వేళ్లు ఎత్తేవాడు, ఫోర్డ్ కూడా డ్రిబుల్ చేస్తూనే రెండో చెయ్యి పైకెత్తి నాలుగు వేళ్లు చూపించేవాడు. దాన్నే ఫోర్ కార్నర్స్ అనేవాళ్లు. నలుగురు నాలుగు మూలలకి వెళ్లిపోతారు, మధ్యలో అంత కోర్టూ ఫోర్డ్ ఒక్కడిదే. మీదికొస్తే పక్కనుంచి దూరిపోయి బుట్ట దగ్గర్నుంచే లేఅప్ వేస్తాడు, రాకపోతే టైం కరిగిపోతుంది, విసుగొచ్చి చెయ్యి వేస్తే ఫౌల్, ఎవరూ అడ్డురాని ఫ్రీ త్రోలు. అవతలి జట్టు వాళ్ల మొహాలు చూడాలి. గెలవాల్సిన పాయింట్లు కొద్దిగానే ఉంటాయి, బంతి మాత్రం అందదు.

ఫోర్డ్ ఇక్కడి వాడే, రాకీ మౌంట్. ఫ్రెష్‌మన్‌గా మొట్టమొదటి ఆటకే డీన్ స్మిత్ బరిలోకి దించిన మొదటి కుర్రాడు. 2290 పాయింట్లు, అది కరోలినా రికార్డుగా 30 ఏళ్లు నిలిచింది, హాన్స్‌బ్రో వచ్చేదాకా. అదీ మూడు పాయింట్ల గీత లేని రోజుల్లో. 1976 ఒలింపిక్స్‌లో స్వర్ణం. టైటిల్ లేదు, నిజమే. 1977 ఫైనల్లో మార్కెట్ (Marquette) యూనివర్సిటీ చేతిలో 67-59తో ఓడారు. కానీ ఆ రోజు ఫోర్డ్ మోచేయి దెబ్బతిని ఉంది, వాల్టర్ డేవిస్‌కి వేలు విరిగి ఉంది, టామీ లగార్డ్ మోకాలి దెబ్బతో అసలు ఆడనే లేదు. 1978లో సొంతగడ్డ మీద చివరి ఆట డ్యూక్‌తో, మణికట్టు నొప్పితోనే 34 పాయింట్లు వేసి గెలిపించాడు. అతని కాలేజీ జీవితంలో అదే అత్యధికం. ఆ రోజు హాల్లో మా ఎన్‌సీ స్టేట్ కుర్రాళ్లు, అంటే కరోలినా అంటే పడనివాళ్లు, లేచి నిలబడ్డారు. నేను మర్చిపోలేను.

ట్రయాంగిల్ రమేశ్:

అందరూ పాయింట్లే లెక్కపెడుతున్నారు కాబట్టి రెండు ముక్కలు. ఆర్‌జే డేవిస్ 2725 పాయింట్లతో ఫోర్డ్‌నీ దాటి రెండో స్థానంలో ఉన్నాడు, కానీ అందరికీ నాలుగేళ్లే అయితే, కోవిడ్ వల్ల అతనికి ఐదో ఏడాది దొరికింది. రీబౌండ్లలో హాన్స్‌బ్రోని దాటిన అర్మాండో బేకాట్‌దీ అదే కథ. మరోవైపు 1972కి ముందు ఫ్రెష్‌మన్‌లని అసలు పెద్ద జట్టులో ఆడనిచ్చేవాళ్లే కాదు, వాళ్లకి మూడేళ్లే. మూడేళ్లవాడినీ ఐదేళ్లవాడినీ ఒకే తక్కెడలో పెట్టి తూస్తే ఎలా?

1957 లెనీ రోజెన్‌బ్లూత్ పేరు ఎవరూ ఎత్తలేదు. ఆ ఏడాది ఆటకి 28 పాయింట్ల సగటు, జట్టు 32 ఆటలు ఆడి 32 గెలిచింది, ఫైనల్లో విల్ట్ చాంబర్లిన్ ఉన్న కాన్సస్‌ని మూడు ఓవర్‌టైమ్‌లు ఆడి 54-53తో ఓడించింది. ఐదు ఫౌళ్లయితే ఆట నుంచి బయటికే, అందుకే రోజెన్‌బ్లూత్ ఓవర్‌టైమ్‌లన్నీ బెంచీ మీద కూర్చునే చూశాడు, పాపం.

గుంటూరు వినయ్, గ్రీన్స్‌బరో:

రమేశ్ గారూ, మూడేళ్ల ఆటగాడి మాట మీరే తెచ్చారు. నా పేరు చార్లీ స్కాట్. ఇంతసేపూ ఎవరూ చెప్పలేదంటే బాధగా ఉంది.

కరోలినా స్కాలర్‌షిప్ ఇచ్చిన మొదటి నల్లజాతి క్రీడాకారుడు ఆయన. 1967 నుంచి 1970 దాకా మూడు సీజన్లు, 2007 పాయింట్లు, సగటు 22.1. నాలుగో ఏడాది ఆడనిచ్చి ఉంటే ఆ రికార్డు ఎక్కడుండేదో మీరే లెక్కేసుకోండి. 1968లో, కాలేజీలో ఉండగానే ఒలింపిక్ స్వర్ణం. 1969 ఏసీసీ ఫైనల్లో డ్యూక్ మీద 40 పాయింట్లు, అందులో 28 రెండో సగంలోనే. వారం తిరగ్గానే డేవిడ్సన్ మీద చివరి క్షణంలో షాట్ వేసి జట్టుని ఫైనల్ ఫోర్‌కి చేర్చాడు. డేవిడ్సన్ అంటే స్కాట్ మొదట చేరదామనుకున్న కాలేజీయే.

మరి ఆ ఏడాది ఏసీసీ ఉత్తమ ఆటగాడు ఎవరు? సౌత్ కరోలినాకి ఆడే జాన్ రోష్. 1970లో స్కాట్ సగటు 27 దాటింది, అప్పుడూ రోష్‌కే. కొందరు విలేకరులు 1969లో స్కాట్‌ని ఏసీసీ మొదటి ఐదుగురిలో కూడా రాయలేదు. రోష్ మంచి ఆటగాడే, ఆయన్ని అనడం లేదు. కానీ అంత ఆడినవాడికి ఆ ఐదుగురిలో కూడా చోటు ఇవ్వని ఓటుకి వేరే కారణం ఏం చెబుతాం? పక్క ఊళ్లో ఆడటానికి వెళ్తే గ్యాలరీ నుంచి ఏమేం అరిచేవాళ్లో ఆయనే తర్వాత ఎన్నోసార్లు చెప్పుకున్నారు. మిగతావాళ్లు అవతలి ఐదుగురితో ఆడితే సరిపోయేది, ఈయన మొత్తం హాలుతో ఆడాలి. అలా ఆడుతూ 22 సగటు. శ్రీను గారూ, ముక్కు విరిగితే మాస్క్ కట్టుకోవచ్చు. దీనికేం కట్టుకుంటారు?

ఎపెక్స్ లక్ష్మి:

వినయ్ గారు రాసింది రెండుసార్లు చదివాను. బాగా చెప్పారు. అయితే ఒక మాట. ప్రశ్నలో "కరోలినా జెర్సీ" అన్నారు, మగవాళ్ల జెర్సీ అనలేదు కదా?

1994, రిచ్‌మండ్, ఆడవాళ్ల ఫైనల్. లూసియానా టెక్ 59, కరోలినా 57. మిగిలింది 0.7 సెకను. కరోలినా ఆ టైటిల్ అంతకుముందు ఎప్పుడూ గెలవలేదు. రెండు పాయింట్లు వేస్తే ఓవర్‌టైమ్, ఆ భయం ఉన్నవాళ్లెవరైనా దగ్గర్నుంచి వేసేదే ఆలోచిస్తారు. బయటినుంచి బంతి వచ్చింది, షార్లెట్ స్మిత్ కుడివైపు మూడు పాయింట్ల గీత అవతల అందుకుని, పట్టుకోవడం వేయడం ఒకే కదలికలో చేసింది. బంతి గాల్లో ఉండగానే బజర్. 60-59. ఆ ఆటలో ఆమెవి 20 పాయింట్లు, 23 రీబౌండ్లు. ఇరవై మూడు! ఆ జట్టులో పాయింట్ గార్డ్, అంటే బంతి నడిపించే అమ్మాయి ఎవరో తెలుసా, తర్వాత పరుగు పందేల్లో పేరు మోసిన మేరియన్ జోన్స్. షార్లెట్ ఎన్‌సీ స్టేట్ హీరో డేవిడ్ థాంప్సన్‌కి మేనకోడలు కూడా, మాస్టారు గారికి ఇది నచ్చుతుంది.

నేను విజయవాడలో స్కూలు జట్టుకి ఆడేదాన్ని, సిమెంటు కోర్టు, ఎండకి బంతి పట్టుకుంటే చెయ్యి కాలేది. ఆఖరి సెకనులో బంతి చేతికొస్తే కాళ్లు ఎలా వణుకుతాయో నాకు తెలుసు. జోర్డాన్ షాట్ పడకపోయినా ఇంకో అవకాశానికి టైం ఉంది. ఈమెకి లేదు.

పాత రాలీ మాస్టారు:

లక్ష్మమ్మా, థాంప్సన్ పేరు చెప్పి నన్ను పడగొట్టేశావు. ఆ షాట్ నేను చూశాను. నా ఓటు ఫోర్డ్‌కే ఉంచుకుంటాను, కానీ ఒక్క ఆట చూపించమంటే నీ ఆటే చూపిస్తాను.

మోరిస్‌విల్ శ్రీను:

అందరికీ థాంక్స్. నిన్న రాత్రి రెండింటిదాకా పాత వీడియోలు చూస్తూ కూర్చున్నాను. హాన్స్‌బ్రో మీద నా మాట మారలేదు, నాలుగేళ్లు ఉండి, ఓడి, మళ్లీ వచ్చి గెలిచి వెళ్లినవాడిని కిందికి దించలేను. కానీ వినయ్ గారూ, స్కాట్ గురించి నాకు సగం కూడా తెలియదు, ఇక్కడ పదకొండేళ్లుగా ఉంటున్నాను, మన జట్టు ఆడే డీన్ స్మిత్ సెంటర్‌లో పైన వేలాడే ఆ 33 నంబరు జెర్సీల కింద ఎన్నిసార్లు కూర్చున్నానో. రెండో 33 తర్వాతి కాలం ఆటగాడు జేమిసన్‌ది అని తెలుసు, మొదటిది ఎవరిదని ఎప్పుడూ అడగలేదు. నా లిస్టులో ఇప్పుడు హాన్స్‌బ్రో పక్కనే స్కాట్, తర్వాత ఫోర్డ్. భరత్, జోర్డాన్ నాలుగు, కోప్పడకు.

లక్ష్మి గారూ, మా పాపకి తొమ్మిదేళ్లు, 0.7 సెకను వీడియో ఐదుసార్లు పెట్టించుకుంది. వచ్చే ఆదివారం కార్మైకేల్ హాల్లో కరోలినా అమ్మాయిల ఆట ఉంది, నాలుగు టికెట్లు తీశాను, ఇద్దరం మేమే. మిగతా రెండూ మీకూ మీ అమ్మాయికీ కావాలంటే చెప్పండి.