బెట్టీ డేవిస్ పక్కన నిలబడగలిగినవాళ్లు ఎవరు? సినిమాలు చెప్పండి

పాత హాలీవుడ్ సినిమాలు వరసబెట్టి చూస్తున్నాను. ఇప్పుడు బెట్టీ డేవిస్ దగ్గర ఆగిపోయాను. ఆవిడ తెర మీదికి వచ్చిందంటే చాలు, పక్కనున్న హీరో కూడా కుర్చీ బల్లలాగే కనిపిస్తాడు! 1939లో వచ్చిన 'డార్క్ విక్టరీ'లో జార్జ్ బ్రెంట్‌ని చూస్తే పాపం అనిపించింది.

అలాగని ఎదుటివాళ్లని తొక్కేసే మనిషి అనుకుందామంటే 'ది గ్రేట్ లై' (1941) అడ్డొస్తోంది. కథ పేలవంగా ఉందని డేవిస్, మేరీ ఆస్టర్ కూర్చుని తమ సీన్లు తిరగరాసుకున్నారట. దాంతో ఆస్టర్ పాత్రకే బలం పెరిగింది, సహాయనటిగా ఆస్కార్ కూడా ఆమెకే వచ్చింది. అరిజోనా ఇంట్లో ఆస్టర్ పురిటి నొప్పులు పడుతుంటే, డేవిస్ బయట కాబోయే తండ్రిలా పచార్లు చేస్తుంది. సీనంతా లోపలున్న మనిషిదే. ఏ స్టార్ ఒప్పుకుంటుంది చెప్పండి?

మరి 'ఓల్డ్ అక్వెయింటెన్స్' (1943)లో సహనటి మిరియం హాప్కిన్స్‌తో షూటింగ్‌లో ఆ పేచీలేంటి? తప్పు ఎవరిదంటారు?

నటుడు క్లాడ్ రెయిన్స్ ఆవిడతో ఉన్నవాటిలో 'నౌ, వాయేజర్' చూశాను, 'డిసెప్షన్' (1946) ఇంకా చూడలేదు. అందులో రెయిన్స్ ఆవిడనే మింగేశాడని విన్నాను, నిజమేనా? సహాయ పాత్రలకి ఆవిడ చోటిచ్చిన సినిమాలు ఇంకేమున్నాయి? 'ఆల్ అబౌట్ ఈవ్' మాత్రం చెప్పకండి, దాన్ని అరగదీసేశాను.