డే కేర్‌కి పంపే పప్పన్నం మధ్యాహ్నం దాకా పాడవకుండా ఉండాలంటే?

నమస్తే అండీ. మేం రాయగడలో ఉంటాం. సోమవారం నుంచి మా పాపని డే కేర్‌లో చేరుస్తున్నాం. ఏడాదిన్నర పిల్ల. పొద్దున 9 నుంచి సాయంత్రం 5 దాకా అక్కడే ఉండాలి.

బట్టలు, డైపర్లు, వైప్స్, నిద్రపోయేటప్పుడు చేత్తో నలుపుకునే నా పాత చీర ముక్క సర్దేశాను. వానాకాలం కాబట్టి తడి బట్టలకి వేరే కవరు కూడా పెట్టాను.

టెన్షనంతా తిండి గురించే. అక్కడ ఫ్రిజ్ లేదు. వండిన అన్నం మామూలుగా బయట 2 గంటలకి మించి ఉంచకూడదు, వేడిగా ఉంచాలంటే 60 డిగ్రీలు తగ్గకూడదు అంటారు కదా. స్టీలు ఫ్లాస్కులో ముందు మరిగే నీళ్లు పోసి, పది నిమిషాలాగి పారబోసి, పొగలు కక్కే పప్పన్నం పెడితే ఒంటిగంట దాకా ఆ వేడి నిలుస్తుందా? ఎవరైనా చేసి చూశారా? రాగి జావ పెడదామంటే చల్లారేసరికి ముద్దకడుతోంది. పల్లీలు, గుండ్రటి ద్రాక్షపళ్లు గొంతుకి అడ్డం పడతాయని అసలు పెట్టడం లేదు.

అక్కడి ఆయాలు ఒడియావాళ్లు. నాకు ఒడియా మాట్లాడ్డం వచ్చు కానీ రాయడం రాదు. డబ్బాల మీద పాప పేరు, తినిపించే టైము ఎవరిచేతైనా రాయించి అతికించాలా, నోటితో చెబితే సరిపోతుందా? జ్వరం మందు బ్యాగులో పెట్టాలంటే భయంగా ఉంది, బరువుని బట్టి ఇవ్వాల్సిన మందు కదా. మీరైతే పెడతారా, ఫోన్ చేయమని చెబుతారా?

గుణుపురం, జయపురం, బరంపురం వైపు అమ్మలెవరైనా ఉంటే కాస్త చెప్పండి.