చంద్రవల్లి నుంచి జోగిమట్టి గాలిమరల గట్టు మీదికి కాలిబాట ఉందా?

హైదరాబాద్ నుంచి నలుగురం డిసెంబరులో కర్ణాటకలోని చిత్రదుర్గ వెళ్తున్నాం. కోటకి ఒక పూట. మర్నాడు పొద్దున ఆరింటికి చంద్రవల్లిలో (శాతవాహన, రోమన్ నాణేలు బయటపడ్డ చోటు, 1947లో పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ తవ్వించినది) మొదలుపెట్టి, గాలిమరలున్న గట్టు వెంబడి జోగిమట్టి అడవి కొండ దాకా నడిచి, ఎండ ముదరకముందే దిగాలని అనుకుంటున్నాం.

మ్యాప్ యాప్‌లో నడక దారి అడిగితే తారురోడ్డే చూపిస్తోంది. శాటిలైట్ ఫొటోలో గాలిమరల సర్వీసు రోడ్డు తెల్లగా తెలుస్తోంది గానీ, చంద్రవల్లి వైపు నుంచి దాన్ని అందుకునే చోట అన్నీ పొదలే. ఎత్తుల గీతలూ గీసి చూశాను. ఆ డేటా 30 మీటర్లకో చుక్క కాబట్టి రెండు నిలువుల బండ అడ్డమున్నా మామూలు వాలులాగే కనిపిస్తుంది. అక్కడేమో అన్నీ అలాంటి గుండ్రాళ్లే. పైగా ఎలుగుబంట్లు తిరిగే రిజర్వు అడవి, తోచినచోట దూరే పని కాదు. అనుమతి గురించి ఫోన్లో ఒకరు అక్కర్లేదన్నారు, ఇంకొకరు గేటు దగ్గర రాయించుకోవాలన్నారు.

ఈమధ్య అటు నడిచినవాళ్లు చెప్పండి: చంద్రవల్లి నుంచి ఆ సర్వీసు రోడ్డు మీదికి, అటవీశాఖ వాళ్లు వెళ్లనిచ్చే కాలిబాట ఉందా, ఉంటే సరిగ్గా ఎక్కడ మొదలవుతుంది?