ఐస్ హాకీ శిక్షలు: బంధువైన అధికారి తప్పుకోవాలనే లిఖిత నియమం ఉందా?

ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆటగాళ్ల శిక్షల విషయమై ఒక చిక్కుముడి నాకు విడటం లేదు. 2011 వరకు శిక్షలు వేసే అధికారి కోలిన్ క్యాంప్‌బెల్. ఆయన కుమారుడు గ్రెగొరీ అదే లీగ్‌లో ఆటగాడు, 2010 నుంచి బోస్టన్ జట్టులో. కొడుకు జట్టు ప్రస్తావన వస్తే తండ్రి పక్కకు తప్పుకునేవారు. 2011 జూన్‌లో, ఫైనల్ మూడో మ్యాచ్‌లో, పక్‌ను (ఆటలో బంతికి బదులు వాడే రబ్బరు బిళ్లను) అప్పటికే వదిలేసిన బోస్టన్ ఆటగాడు నేథన్ హార్టన్‌ను వాంకూవర్ ఆటగాడు ఆరన్ రోమ్ ఢీకొట్టి పడేశాడు. రోమ్‌కు నాలుగు మ్యాచ్‌ల నిషేధం వేసింది క్యాంప్‌బెల్ బదులు మైక్ మర్ఫీ. కానీ ఆ మర్ఫీ పనిచేసేది క్యాంప్‌బెల్ కిందే! నన్ను వదలని సందేహం అదే.

లీగ్‌కూ ఆటగాళ్ల సంఘానికీ కుదిరిన 2013 ఒప్పందంలో 18వ అధికరణం రెండుసార్లు చదివాను. నిషేధం ఆరు మ్యాచ్‌లు, అంతకు మించి ఉంటే ఆటగాడు ముందు లీగ్ అధిపతి అయిన కమిషనర్‌కు అప్పీలు చేసి, ఆ తర్వాత తటస్థ మధ్యవర్తిని ఆశ్రయించవచ్చు. 2016లో ఆటగాడు డెన్నిస్ వైడ్‌మన్ నిషేధం 20 మ్యాచ్‌ల నుంచి 10కి తగ్గింది ఆ దారిలోనే. ఐదు వరకైతే కమిషనర్ మాటే చివరిది. ఆయనను ఎన్నుకునేది జట్ల యజమానులు. బంధుత్వం గురించి మాత్రం నాకు ఒక్క వాక్యమూ కనబడలేదు.

శిక్ష వేసే అధికారికి ఆ జట్టులో బంధువు ఉంటే తప్పుకోవాలని లీగ్ రాసుకున్న నియమం ఏ పత్రంలో, ఏ అధికరణంలో ఉందో తెలిసినవారు చెప్పగలరా?