నిపుణుడికి కేసు సంగతి తెలిస్తే వేలిముద్ర ఫలితం మారుతుందా?

లా_విద్యార్థి: 2004 మాడ్రిడ్ రైలు పేలుళ్లలో డిటొనేటర్ల సంచి మీది వేలిముద్ర అమెరికాలోని ఒరెగాన్‌కు చెందిన ఓ లాయర్‌దని ఎఫ్‌బీఐ తేల్చింది. మే 6న అరెస్టు. ముద్ర ఒక అల్జీరియా దేశస్థుడిదని స్పెయిన్ పోలీసులు చెప్పాక, మే 20న విడుదల. ముగ్గురు అనుభవజ్ఞులు చూశాక కూడా ఎలా పొరపడ్డారు? తప్పు సాఫ్ట్‌వేర్‌దా?

ముద్రల_గది: కాదు. సాఫ్ట్‌వేర్ దగ్గరి పోలికలున్న 20 ముద్రల జాబితా ఇచ్చిందంతే, లాయర్‌ది అందులో నాలుగోది. కోట్ల ముద్రల్లో వెతికితే బాగా దగ్గరగా ఉండే పరాయి ముద్ర తగలడం సహజం. పేచీ అక్కడి నుంచి మొదలైంది. లాయర్ ముద్రలో స్పష్టంగా ఉన్న చీలికలూ గీతల కొసలూ సంచి మీది మసక ముద్రలోనూ ‘కనిపించసాగాయి’. కుదరని ఎగువ ఎడమ భాగాన్ని విడిగా తాకినప్పుడు పడిందని పక్కన పెట్టేశారు. ఏప్రిల్ 13న స్పెయిన్ కాదన్నా వినలేదు. ఇంకో చిత్రం: డిఫెన్స్ కోరిన మీదట కోర్టు నియమించిన నిపుణుడూ మే 19న అదే ముద్ర అన్నాడు!

లా_విద్యార్థి: ఆయన ముస్లిం కావడం వల్లేనా?

ముద్రల_గది: మొదటి పోలిక నాటికి పరిశీలకులకు ఆ సంగతి తెలియదు. అభ్యంతరాలు వచ్చాక సరిగా తిరిగి చూడకపోవడానికి మాత్రం అదీ ఒక కారణం కావచ్చని 2006 నాటి అమెరికా న్యాయశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ నివేదిక అంది.

బార్_రూమ్: అదే ఏడాది నిపుణుల తీర్పుల్లో పక్షపాతంపై పరిశోధించే ఇటియల్ డ్రోర్ బృందం ప్రయోగం కూడా చూడండి. ఐదుగురు నిపుణులకు వాళ్లే గతంలో ‘సరిపోయింది’ అన్న ముద్రల జతలనిచ్చి, ఇవి మాడ్రిడ్‌లో పొరబడ్డవని చెప్పారు. ఒక్కరే పాత మాట మీద నిలబడ్డారు.

మన దగ్గర ల్యాబుకు వెళ్లే లేఖలోనే కేసు కథ క్లుప్తంగా ఉంటుంది. క్రాస్ ఎగ్జామినేషన్‌లో రిపోర్టు పట్టుకుని కూర్చోకండి, పరిశీలన సమయంలో నిపుణుడు రాసుకున్న వర్క్‌షీట్ అడగండి. భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 39 కింద అది అభిప్రాయమే కదా, దేన్నిబట్టి చెప్పారో అడగాల్సిందే. అనుమానితుడి ముద్ర చూడకముందే మసక ముద్రలోని గుర్తులు నమోదు చేశారా? తర్వాత చేర్చినవి వేరే రంగులో, కారణంతో ఉన్నాయా? రెండో నిపుణుడికి మొదటివారి ఫలితం ముందే తెలుసా? ‘సరిపోయినవే’ సరిచూపుకు వెళ్లే చోట, ఫైలు చేతికి రాగానే జవాబు తెలిసిపోయినట్టే.

ముద్రల_గది: రంగు మాట సరే, తేదీ, సమయం కూడా చూడండి. పాత షీట్ చించేసి కొత్తది రాస్తే రంగులతో పట్టుబడదు.