రాష్ట్రాల... సమాఖ్యా, సమ్మేళనమా?

మైలాపూర్ మూర్తి: రాజ్యాంగం మొదటి అధికరణానికి పాత పాఠ్యపుస్తకంలో ఉన్న తెలుగు నోటిదాకా వచ్చి ఆగిపోతోంది. "ఇండియా, అనగా భారత్, రాష్ట్రాల..." తర్వాత? సమాఖ్యా, సమ్మేళనమా, ఉత్త యూనియనేనా? చెన్నైలో 2021 నుంచి కేంద్ర ప్రభుత్వాన్ని ‘ఒన్ఱియ అరసు’ (యూనియన్ ప్రభుత్వం) అనడం మోగిపోతోంది కదా, మరి మన మాటేది?

పెరంబూరు పద్మ: సమాఖ్య మాత్రం కాదండీ, అది ఫెడరేషన్‌కు వాడుకున్నాం. రాష్ట్రాలు ఒప్పందం రాసుకుని కలిసినవి కావు, విడిపోయే హక్కూ లేదు, అందుకే యూనియన్ అన్నామని అంబేడ్కర్ 1948 నవంబరు 4న చెప్పారు. మూడో అధికరణం చూడండి. సరిహద్దు మార్చాలంటే శాసనసభ అభిప్రాయం అడిగితే చాలు, ఒప్పుకోనక్కర్లేదు. విభజన బిల్లును ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2014 జనవరిలో తిరస్కరించింది, ఫిబ్రవరిలో పార్లమెంటు ఆమోదించేసింది.

టి.నగర్ వేణు: ‘సమైక్య’ నోట్లో నలిగి ‘సమాఖ్య’ అయిందేమోనని నా అనుమానం.

రాయపురం శాస్త్రి: మై ఎక్కడ, మా ఎక్కడ! ఇది సమ్ + ఆ + ఖ్యా. సంస్కృతంలో పేరు, కీర్తి అని అర్థం. గుంపు అన్నది మనం అంటగట్టిందే. వేదవాక్యాలకు అర్థం తేల్చే మీమాంసలో శ్రుతి, లింగం, వాక్యం, ప్రకరణం, స్థానం, సమాఖ్య అని ఆరు ఆధారాలు. పొసగనప్పుడు ముందున్నదానిదే బలం. సమాఖ్యది అట్టడుగు చోటు!

వేణు: అచ్చం 254వ అధికరణమే. కేంద్రం, రాష్ట్రాలు రెండూ చట్టాలు చేయగల ఉమ్మడి జాబితాలో రెండు చట్టాలు ఢీకొంటే కేంద్రానిదే పైచేయి. రాష్ట్ర చట్టం పొసగని మేరకే చెల్లదు, మొత్తం కొట్టుకుపోదు. బిల్లును గవర్నరు రాష్ట్రపతి పరిశీలనకు పంపి ఆమోదం తెచ్చుకుంటే ఆ రాష్ట్రంలో అదే నిలుస్తుంది. తమిళనాడు 2017 జల్లికట్టు సవరణకు ఆ ఆమోదం ఉంది, 2023లో సుప్రీంకోర్టూ సమర్థించింది. చిక్కల్లా పంపే కాగితంలోనే. ఏ కేంద్ర చట్టంతో పేచీయో అందులో చెప్పాలి; చెప్పనిదానికి ఆ ఆమోదం అక్కరకు రాదని 2002లో కైజర్-ఇ-హింద్ కేసు తేల్చింది. అంతా సరిగ్గా చేసినా పార్లమెంటు మళ్లీ చట్టం తెచ్చి దాన్ని రద్దు చేయవచ్చు.

పద్మ: ఆ ‘ఉమ్మడి’ మాటే తప్పుదారి పట్టిస్తుంది. ఉమ్మడి కుటుంబంలో సంతకం పెద్దాయనదే కదా! చదువు, అడవులు, తూనికలు కొలతలు, వన్యప్రాణులు, కింది కోర్టులు, ఈ 5 అంశాలూ 42వ సవరణతో రాష్ట్ర జాబితా వదిలి ఉమ్మడి జాబితాలోకి చేరాయి.

వేణు: జీఎస్టీ మండలి మాత్రం తీరు వేరు. కేంద్రం ఓటు విలువ మూడో వంతు, రాష్ట్రాలన్నిటిదీ కలిపి మూడింట రెండు వంతులు, నెగ్గడానికి నాలుగింట మూడు వంతులు కావాలి. రాష్ట్రాలన్నీ ఏకమైనా కేంద్రం కాదంటే ఆగినట్టే.

మూర్తి: బాగుంది. ఇంతకీ "రాష్ట్రాల" తర్వాత?

శాస్త్రి: ముందు ఒన్ఱియంలో బండి ఱ సంగతి తేల్చండి. తమిళులు పలికేది ‘ఒండ్రియం’ లాగే. మన ఒండు దాని తోబుట్టువే, ‘ఒండొరులు’ అంటాం కదా. ఇతరులు చేస్తే మనకు నచ్చనిది మనం ఇతరులకు చేయకూడదన్న తిక్కనగారి ‘ఒరులేయవి’ పద్యం ఒక్కటి చాలు, కేంద్రానికీ రాష్ట్రాలకీ!

పద్మ: ‘ఊరాట్చి ఒన్ఱియం’ అంటే ఇక్కడ బ్లాకు స్థాయి పంచాయతీ యూనియన్ కూడా. ఢిల్లీని బ్లాకు స్థాయికి దించారని అందుకే కొందరికి గుర్రు.

శాస్త్రి: అయినా ‘రాష్ట్రాల’ అన్నదే నాకు అనుమానం. ‘రాజ్యముల’ అని ఉండేదేమో చూడండి.